మారింది మెదడా, మిషనా? తేల్చే కొలువు

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు కుటుంబాలు ఎన్నో. పెద్ద జబ్బు చేస్తే అక్కడివాళ్లు చెన్నైకో కోల్‌కతాకో పరుగెత్తాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఒక ఎంఆర్ఐ ఒక ఊళ్లో, ఏడాది తర్వాత రెండోది ఇంకో ఊళ్లో తీస్తే, కనిపించిన తేడా మెదడుదా, మిషన్‌దా? ఇది తేల్చగల పనివాళ్లు కావాలి. అండమాన్ దీవుల్లో బైపీసీ, ఎంపీసీ చదివే మన పిల్లలు ఈ దారి చూడాలని నా గట్టి కోరిక.

జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అల్జీమర్స్ రోగుల్లో ఏడాదికి సుమారు 3 నుంచి 5 శాతం కుంచించుకుపోతుంది. కొలతలోనే 3 శాతం అటూఇటూ అయితే జబ్బు ముదిరిందో లేదో ఎలా చెప్పగలం? అందుకే ఏ సీక్వెన్స్ (ఎంఆర్ఐలో బొమ్మ తీసే పద్ధతి) ఎంత నిలకడైనదో తెలియాలి. మెదడంతా సన్నని పొరలుగా తీసే టీ1 రకం ఎంపీరేజ్ పరిమాణాల కొలతకు బాగా పనికొస్తుంది; కానీ తల చుట్టూ అమర్చి సంకేతాలు అందుకునే కాయిల్‌కు దగ్గరున్న భాగం ఎక్కువ తెల్లగా రావచ్చు. 2010లో వచ్చిన ఎంపీ2రేజ్ రెండు బొమ్మలు తీసి, వాటిని కలిపి ఆ హెచ్చుతగ్గులను చాలావరకు తుడిచేస్తుంది. పక్షవాతాన్ని తొందరగా పట్టే డిఫ్యూజన్ స్కాన్ పుర్రెలోని గాలి గదుల (సైనస్‌ల) దగ్గర బొమ్మను వంకర చేస్తుంది. మచ్చలు చూపే ఫ్లెయిర్ స్కాన్‌లో పొర మందం మారితే చిన్న మచ్చ కనపడకపోవచ్చు. ఇక రోగి తల కదిలిందా, ఏ సీక్వెన్సూ ఆదుకోదు. తల సరిగ్గా పెట్టి, భయం పోగొట్టి, కదలకుండా పడుకోబెట్టే టెక్నాలజిస్టు నేర్పే సగం నిలకడ.

మిషన్ల తేడా పరిశోధనకూ సమస్యే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2019లో భారతీయుల మెదడు అట్లాస్‌ను ప్రకటించింది. మిషన్ల తేడా ఫలితాన్ని చెడగొట్టకుండా మూడు ఆస్పత్రుల్లో, మూడు వేర్వేరు స్కానర్లపై తీసిన చిత్రాలను అందులో వాడారు.

ఈ పనిలోకి రావాలంటే బైపీసీ తర్వాత బీఎస్సీ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీలో చేరవచ్చు. ఎంపీసీ వాళ్లకు బయోమెడికల్ ఇంజినీరింగ్ లేదా బీఎస్సీ ఫిజిక్స్ మీదుగా మెడికల్ ఫిజిక్స్ ఉంది. 2021 నాటి కేంద్ర చట్టం ఇలాంటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చదువుకూ నమోదుకూ చట్టబద్ధత ఇచ్చింది. డిగ్రీతోపాటు పైథాన్, గణాంకాలు తప్పక నేర్చుకోండి. ఓయాసిస్ అనే ఉచిత డేటాలో 20 మందిని 90 రోజుల లోపు మళ్లీ స్కాన్ చేసిన చిత్రాలున్నాయి. ఫ్రీసర్ఫర్ సాఫ్ట్‌వేర్‌తో హిప్పోకాంపస్‌ను రెండుసార్లూ కొలిచి తేడా మీరే లెక్కగట్టండి. ఇంటర్వ్యూలో చూపడానికి అంతకన్నా మంచి పని నాకు కనిపించలేదు.

కాలేజీలో చేరేముందు ఒక్కటి అడగండి: మిషన్ కొలత సరిచూసే ఫాంటమ్ స్కాన్‌ను విద్యార్థుల చేత చేయిస్తారా, దూరం నుంచి చూపించి పంపేస్తారా?