నాయికయా, ఆటబొమ్మయా?

వీడియో ఆటలలోని స్త్రీపాత్రల రూపమును గూర్చి చిరకాలముగా వాదము జరుగుచున్నది. మన విద్యార్థులును ఈ యాటల నాడుచున్నారు గావున మేమా విషయము నిచట విచారింతుము.

ఇంగ్లండునందలి డెర్బీ నగరమున కోర్ డిజైన్ సంస్థవారు నిర్మించిన 'టూమ్ రైడర్' అను ఆట 1996వ సంవత్సరమున వెలువడెను. అందలి నాయికయగు లారా క్రాఫ్ట్ పురాతన సమాధులను శోధించును, అగాధములను దాటును, ఎవ్వరి రక్షణకును ఎదురుచూడదు. ఇట్టి ధైర్యవతిని నాయికగా నిలిపినందుకు కొందరు సంతసించిరి. ఆమె దేహమును అసహజముగ తీర్చి, ప్రకటనలలో ఆ రూపమునే ముందుంచిరని మరికొందరు ఆక్షేపించిరి.

ఊహాచిత్రమునందు దోషమేమని యడుగువారు గలరు. చిత్రకారునకు స్వేచ్ఛ యుండవలసినదే. సౌందర్యమును దోషము కాదు. కాని పాత్ర చేయు కార్యమునకు గాక, చూచువారి కన్నులకొరకే రూపము కల్పించినచో ఆ పాత్ర నాయిక గాక ఆటబొమ్మ యగును.

2013లో అమెరికాయందలి క్రిస్టల్ డైనమిక్స్ సంస్థవారు లారాను మరల తీర్చిరి. పొట్టి లాగు పోయి పొడుగు పంట్లాము వచ్చెను. దేహము సహజప్రమాణమును పొందెను. ఆమె సాహసము మాత్రము తగ్గలేదు. ఆ యాటను లక్షలాది జనులు కొనిరి.

ప్రియ విద్యార్థులారా! ఆడునపుడు "ఈమె యేమి చేయుచున్నది?" అని చూచుచున్నారా, "ఈమె యెట్లు కనబడుచున్నది?" అని మాత్రమేనా? తెరయెదుట నలవడిన చూపు తరగతిలోని సోదరివైపునకును మరలును గదా!