కాగితం మీది లెక్క, తెర మీది లెక్క

పోయిన వేసవి సెలవులకు ముందు, మా హాస్టల్లో బి.ఎస్సీ. రెండో సంవత్సరం చదివే తమ్ముడొకడు ఒక తెల్లకాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. కాగితం మీద రెండు నిలువు గడులు. ఒకదానిలో ఎన్విడియా వారి జి.టి.ఎక్స్. 1060, రెండోదానిలో ఎ.ఎం.డి. వారి ఆర్.ఎక్స్. 580.

"అన్నా, రెండూ సెకండ్ హ్యాండే. ఇంచుమించు ఒకే ధర చెబుతున్నారు. 580కి అంకెలన్నీ పెద్దవిగా ఉన్నాయి. కళ్లు మూసుకుని అదే తీసేసుకోవచ్చు గదా?" అన్నాడు.

స్కాలర్‌షిప్పు డబ్బు ఏడాదిపాటు కూడబెట్టి కొంటున్న కార్డు. కళ్లు మూసుకోవద్దన్నాను. ఆ సాయంత్రం మేమిద్దరం కూర్చుని వేసిన లెక్కలే ఈ వ్యాసం. కార్డులు పాతవే. 1060 వచ్చింది 2016 జూలైలో, 580 వచ్చింది 2017 ఏప్రిల్లో. అయినా లెక్క వేసే పద్ధతి కొత్త కార్డుకైనా ఇదే.

మామూలు కంప్యూటర్ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20 లక్షల పైచిలుకు. ఆట ఆడేటప్పుడు ఆ బొమ్మ సెకనుకు 60 సార్లు మారాలంటే, సెకనుకు 12 కోట్ల పైగా చుక్కలకు రంగు తేల్చాలి. ఒక్కొక్క చుక్కకూ ఎన్నో కూడికలు, హెచ్చవేతలు. ఈ పని ఒక్క మేధావి వల్ల కాదు, వేలమంది కూలీలు కావాలి. గ్రాఫిక్స్ చిప్‌లో ఉండేది ఆ కూలీలే. ఎన్విడియా వారు వీటిని కూడా కోర్లంటారు, ఎ.ఎం.డి. వారు స్ట్రీమ్ ప్రాసెసర్లంటారు. 1060లో ఇవి 1280. 580లో 2304.

ఒక్కొక్క కోరు గడియారం ఒకసారి కొట్టుకునేలోగా ఒక హెచ్చవేత, ఒక కూడిక కలిపి చేయగలదు. అంటే రెండు లెక్కలు. 1060 గడియారం 1708 మెగాహెర్ట్జ్, 580ది 1340. ఇక హెచ్చవేయడమే. 1280ని 2తోను, 1708తోను హెచ్చవేస్తే సెకనుకు 4.37 లక్షల కోట్ల లెక్కలు. 2304ని 2తోను, 1340తోను హెచ్చవేస్తే 6.17 లక్షల కోట్లు. దీన్నే టెరాఫ్లాప్స్ అంటారు. కాగితం మీద 580 బలం 41 శాతం ఎక్కువ!

మావాడి ముఖం వెలిగిపోయింది. కాని 2017లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించిన వాళ్లు చూసింది వేరు. ఆటల్లో రెండూ దాదాపు సమఉజ్జీలు. ఒక ఆటలో ఇది ముందు, మరొక ఆటలో అది ముందు. మరి ఆ 41 శాతం ఎక్కడికి పోయినట్టు?

పెళ్లి భోజనాల బంతి తలచుకోండి. బంతి అంతా ఒకేసారి కూర్చుంటుంది, ఒకేసారి లేస్తుంది. గ్రాఫిక్స్ చిప్‌లోనూ పనులు బంతులుగానే నడుస్తాయి. 580లో బంతికి 64 ఆకులు, 1060లో 32 ఆకులు. 64 ఆకులు పరిచాక 40 మందే వచ్చారనుకోండి, మిగతా 24 ఆకులూ దండగే. ఒకే బంతిలో సగంమందికి పప్పు, సగంమందికి పులుసు కావాలంటే ఇంకా కష్టం. ముందు పప్పు వాళ్లు తినాలి, ఆపైన పులుసు వాళ్లు. ఒకరు తింటుంటే రెండోవారు చేతులు కట్టుకు కూర్చోవాలి. స్పెసిఫికేషన్ కాగితం మాత్రం 64 ఆకుల్లోనూ ఆసాంతం భోజనం జరిగినట్టే రాసుకుంటుంది. సైద్ధాంతిక సామర్థ్యం అంటే అదన్నమాట! అబద్ధం కాదు, ఒక్క ఆకూ ఖాళీ లేని పెళ్లి లెక్క.

బంతిని నింపడం ఆట రాసినవాడి చేతిలోనూ ఉంటుంది. డైరెక్ట్ ఎక్స్ 11 పద్ధతిలో రాసిన ఆటల్లో తరచు 1060 మెరుగ్గా ఉండేది. వల్కన్, డైరెక్ట్ ఎక్స్ 12 పద్ధతులు పని పంచే పెత్తనాన్ని చాలావరకు ఆట చేతికే ఇచ్చాయి. వాటిని చక్కగా వాడుకున్న ఆటల్లో 580 ఖాళీ ఆకులు నిండి, అది ముందుకు వచ్చేది.

గడియారం సంగతీ ఉంది. 580 కాగితం మీది 1340 దాదాపు పైమెట్టు. 1060 కాగితం మీది 1708 మాత్రం మామూలుగా అందుకునే వేగం, చల్లగా ఉంచితే తరచు 1800 దాటేది. రెండు కంపెనీలూ ఒకే గడిలో రాసిన అంకెకు అర్థం ఒకటి కాదు.

మెమరీ లెక్క సులువు. 580కి 256 బిట్ల దారి, 1060కి 192 బిట్ల దారి. ఒక్కొక్క బిట్ దారిలో సెకనుకు 800 కోట్ల బిట్లు నడుస్తాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక సెకనుకు 256 జిగాబైట్లు, 192 జిగాబైట్లు. ఇక్కడా 580దే పైచేయి. నిల్వ కూడా దీనికి 8 జి.బి., దానికి 6 జి.బి. ఈ నిల్వ తేడా కాగితం మీది మాయ కాదు. పెద్ద బొమ్మలు వేసే కొత్త ఆటల్లో నిజంగా అక్కరకొస్తుంది. కాని లెక్కించిన చుక్కలను మెమరీలోకి దించే విభాగాలు 1060లో 48, 580లో 32 మాత్రమే. మావాడి కాగితంలో ఆ గడే లేదు!

కరెంటు మాట హాస్టల్ వార్డెన్‌కు వదిలేయొచ్చుగాని, అద్దె గదుల్లో ఉండేవాళ్లు చూసుకోవాలి. 1060కి 120 వాట్లు, 580కి 185 వాట్లు. తేడా 65. రోజుకు అయిదు గంటలు పూర్తి బరువుతో నడిస్తే నెలకు దాదాపు పది యూనిట్లు. పాత పవర్ సప్లై పెట్టె ఆ బరువు మోయగలదో లేదో ముందే చూడాలి.

కంప్యూటర్ సైన్స్ మిత్రులకు ఒక మాట. కూడా పద్ధతిలో రాసిన ప్రోగ్రాములు ఎన్విడియా కార్డుల కోసం రాసినవి. కోర్సు ప్రాజెక్టుకు అవే కావాలంటే 580 టెరాఫ్లాప్స్ ఎన్ని ఉన్నా ఉపయోగం లేదు. అయితే 2025లో వచ్చిన కూడా 13వ వెర్షన్ 1060 తరాన్ని వదిలేసింది. 12వ వెర్షన్‌తో సరిపెట్టుకోవాలి. భౌతికశాస్త్రం వాళ్లకు లెక్క తిరగబడుతుంది. దశాంశాలు ఎక్కువ కావలసిన డబుల్ ప్రెసిషన్ లెక్కల్లో 580 తన వేగంలో పదహారో వంతు ఇస్తుంది, 1060 ముప్ఫై రెండో వంతే.

ఇవన్నీ విని, తన పని ఆటలే గనుక, 8 జి.బి. చూసుకుని మావాడు 580కే మొగ్గాడు. నేనూ సరేనన్నాను. తప్పు చేసింది అక్కడే. పేరు సరిచూడమన్నాను గాని, పేరు చాలదని చెప్పలేదు.

కార్డు తెచ్చి బిగించి, జి.పి.యు.-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము తెరిచాం. కోర్లు 2304 ఉండవలసిన చోట 2048! 2018లో చైనా మార్కెట్టు కోసం ఎ.ఎం.డి. వారు విడుదల చేసిన 580 రకం ఇది. లోపలిది నిజానికి 570 సరుకు. లెక్కేస్తే 6.17 కాదు, 5.26. ఎన్విడియా వారూ తక్కువ తినలేదు. 3 జి.బి. 1060లో తగ్గించింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా 1152కు దించారు. పేరు మాత్రం అదే 1060.

మర్నాడు ఇద్దరం ఆ దుకాణానికి వెళ్లాం. యజమాని అట్టపెట్టె తిప్పి, మూలనున్న చిన్న అక్షరాలు చూపించాడు. "2048 అని రాసే ఉంది గదా బాబూ" అన్నాడు. నిజమే, రాసే ఉంది. చాలాసేపు బతిమాలితే కొంత డబ్బు వెనక్కి ఇచ్చాడు. కార్డు ఇప్పటికీ మావాడి గదిలోనే నడుస్తోంది. ఆ తరవాత హాస్టల్లో ఎవరు సెకండ్ హ్యాండ్ కార్డు కొనబోయినా పెన్‌డ్రైవులో ఆ ఉచిత ప్రోగ్రాము వేసుకుని వెంట వెళ్లేది వాడే. దుకాణంలోనే కార్డు బిగించమని, కోర్ల సంఖ్య తెర మీద చూశాకే డబ్బు తీయనిస్తాడు.