పందుల వైరస్ జ్వరాలు – దొడ్డి దగ్గరే పరీక్ష

కళాశాల వార్షిక సంచికలో పందుల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. ఆవు మీదో, గేదె మీదో రాస్తే ఎవరూ నవ్వరు. కాని సెంటు భూమి లేని ఇంట్లో అవసరానికి అమ్ముకోగలిగిన ఆస్తి చాలాసార్లు పందే. తవుడూ, గంజీ, నలుగురు పారేసిన మెతుకులూ తిని పెరుగుతుంది. ఒక్క ఈతకు ఎనిమిది, పది పిల్లల్ని పెడుతుంది. పెళ్ళికో, ఆసుపత్రికో డబ్బు కావలసిన నాడు బేరగాణ్ణి పిలిస్తే సరి. ఆ ఆస్తిని పది పదిహేను రోజుల్లో తుడిచిపెట్టే వైరస్ జ్వరాలు ముఖ్యంగా రెండు ఉన్నాయి. ఒకటి క్లాసికల్ స్వైన్ ఫీవర్, రెండోది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్.

పేర్లు చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి గాని వీటికి చుట్టరికం లేదు. మొదటిది ఆర్.ఎన్.ఏ. వైరస్. రెండోది డి.ఎన్.ఏ. వైరస్, అదీ చాలా పెద్దది. చిక్కు ఎక్కడంటే, లక్షణాలు మాత్రం రెండింటివీ ఒక్కటే. జ్వరం 105, 106 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. మేత మానేస్తుంది. పందులన్నీ ఒకదాని మీద ఒకటి పడి మూల చేరతాయి. చెవులూ, పొట్టా ఎర్రబడి, తరువాత నీలంగా మారతాయి. నడుము నిలవదు. అనుభవం గల పశువైద్యుడు కూడా కంటితో చూసి ఇది ఫలానా అని చెప్పలేడు.

తెలిస్తే ఏం లాభం అంటారా? లాభం ఉంది. క్లాసికల్ జ్వరానికి టీకా ఉంది. పూర్వం దాన్ని కుందేళ్ళలో తయారుచేసేవారు. ఒక్కో కుందేలు ప్లీహం నుంచి దక్కేది 50 మోతాదులే. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ రూపొందించిన కణ వర్ధన టీకా 2020లో విడుదలయ్యాక కుందేళ్ళ అవసరం తప్పింది. ఆఫ్రికన్ జ్వరానికి మన దేశంలో వాడుకలో ఉన్న టీకా లేదు, మందు అసలే లేదు. ప్రభుత్వ నియమం ప్రకారం జబ్బు నిర్ధారణ అయిన చోటు నుంచి ఒక కిలోమీటరు లోపు పందులన్నిటినీ చంపి పూడ్చాలి. పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలి. అంటే జబ్బు పేరు మీదే ఊళ్ళో పందుల బతుకు ఆధారపడి ఉంది.

ఈ ఆఫ్రికన్ జ్వరాన్ని కెన్యాలో పరిశీలించి మాంట్‌గామరీ 1921లో తొలిసారి వర్ణించాడు. 2007లో జార్జియా దేశం చేరింది. 2018 ఆగస్టులో చైనా, 2020లో మన అస్సాం, అరుణాచల్ ప్రదేశ్, 2022 జులైలో కేరళలోని వయనాడ్. పంది ఇంత దూరం నడవదు. లారీ వెళుతుంది, మాంసం వెళుతుంది, హోటలు ఎంగిలి వెళుతుంది, మనిషి చెప్పులు వెళతాయి. మనుషులకు మాత్రం ఈ జబ్బు రాదు. ఆ భయం అక్కరలేదు.

ఇప్పుడు మన జిల్లాలో సంతబొమ్మాళి మండలం భావనపాడునే తీసుకుందాం. లెక్క కోసమే సుమా, అక్కడ జబ్బు వచ్చిందని కాదు. ఒక దొడ్డిలో పన్నెండు పందులున్నాయి, ఐదింటికి జ్వరం. డాక్టరుగారు రక్తం తీసి ఐసులో పెట్టి ప్రయోగశాలకు పంపుతారు. ఆఫ్రికన్ జ్వరమని అనుమానమైతే ఆఖరి మాట భోపాల్‌లోని అత్యంత భద్రతా పశు వ్యాధుల జాతీయ సంస్థది. అస్సాంలోనూ, వయనాడ్‌లోనూ నిర్ధారించింది అక్కడే. జవాబు వచ్చేలోగా పందుల యజమాని ఏం చేస్తాడు? బేగి అమ్మేస్తాడు. అతన్ని నిందించి ప్రయోజనం లేదు. చచ్చిన పందికి ధర లేదు, జ్వరం పందికి సగం ధరైనా ఉంది. ఆ అమ్మకంతోనే వైరస్ పక్క సంతకు బయలుదేరుతుంది. దొడ్డి దగ్గర చేసే పరీక్ష విలువ ఇక్కడే ఉంది. అది ప్రయోగశాలకు పోటీ కాదు. మధ్యలో ఉన్న ఆ నాలుగు రోజులకు కాపలా.

పరీక్ష పట్టీ కోవిడ్ రోజుల్లో అందరం చూసినదే. నైట్రోసెల్యులోజ్ కాగితం మీద చుక్క రక్తం, దాని వెనుక చుక్క ద్రావణం వేస్తే, లాంతరు వత్తిలో కిరసనాయిలు ఎక్కినట్టు తడి పాకుతుంది. దారిలో అతి సూక్ష్మమైన బంగారు రేణువులు, వాటికి అంటించిన ప్రతిరక్షకాలు ఉంటాయి. రక్తంలో వైరస్ ప్రోటీను ఉంటే దాన్ని పట్టుకుని ముందుకు పోతాయి. పరీక్ష గీత దగ్గర ఇంకో ప్రతిరక్షకం వాటిని ఆపేస్తుంది. రేణువులు పోగుపడి ఎర్ర గీత కనిపిస్తుంది. రెండో గీత పట్టీ సరిగా పనిచేసిందని చెప్పడానికి. అది పడకపోతే ఆ పట్టీని పారేయాలి, ఫలితం చదవకూడదు. పదిహేను, ఇరవై నిమిషాల పని.

ఐతే గీత పడలేదు గనక జబ్బు లేదనుకోవచ్చా? కూడదు. ఇక్కడ కొంచెం గణితం కావాలి. జబ్బున్న పందులు వందలో అరవైని మాత్రమే ఒక పట్టీ పట్టగలదని అనుకుందాం. ఒక్క పందినే పరీక్షిస్తే తప్పిపోయే అవకాశం నూటికి 40. జ్వరమున్న ఐదింటినీ పరీక్షిస్తే, ఒక్కో ఫలితం దేనికది అనుకుంటే, ఐదూ తప్పిపోయే అవకాశం 0.4ను ఐదుసార్లు హెచ్చించినంత, అనగా నూటికి ఒకటి. కనుక పరీక్షించవలసింది పందిని కాదు, మందను.

దీనికి రెండో పక్క కూడా ఉంది. జబ్బు లేని పందులు వందలో రెండింటికి పట్టీ అబద్ధపు గీత వేస్తుందనుకుంటే, ఐదింటిలో కనీసం ఒక్క అబద్ధపు గీత పడే అవకాశం నూటికి పది దాకా ఉంటుంది. అందుచేత గీత పడగానే పందుల కదలిక ఆపవచ్చు, ఆపాలి. చంపడానికి మాత్రం ఆ గీత చాలదు, పి.సి.ఆర్. నిర్ధారణ రావాలి. గీత పడకపోయినా, ప్రయోగశాల జవాబు వచ్చేదాకా అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చినట్టు కాదు.

పి.సి.ఆర్.లో వేడి సుమారు 95 డిగ్రీల సెంటిగ్రేడుకు ఎక్కుతూ, 60 దాకా దిగుతూ ఉండాలి. దానికి యంత్రం, కరెంటు కావాలి. 2000లో జపాను శాస్త్రజ్ఞుడు నొటోమి బృందం ప్రకటించిన లాంప్ పద్ధతిలో 65 డిగ్రీల దగ్గర ఒకే వేడి చాలు. గంటలోపు గొట్టంలో రంగు మారడం కంటితో చూడవచ్చు. కరెంటు పోయే పల్లెకు ఇదే తగినదని నా అభిప్రాయం, చేసే మనిషికి తర్ఫీదు ఉంటే.

ప్రతిరక్షకాలను వెదికే పరీక్షలు వేరే ఉన్నాయి. ఆఫ్రికన్ జ్వరం తీవ్రంగా వచ్చినప్పుడు అవి ఆలస్యం. ప్రతిరక్షకాలు పుట్టడానికి వారం, పది రోజులు పడుతుంది; ఈలోగా పందే పోతుంది. మెదడువాపు వైరస్ సంగతి దీనికి తిరకాసు. 1955లో వేలూరులో మన దేశంలో తొలిసారి గుర్తించిన ఆ జబ్బును వరిమళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమ మోస్తుంది. పెద్ద పందికి పైకి ఏమీ కనిపించదు, చూడి పందికి మాత్రం పిల్లలు చచ్చి పుడతాయి. రక్తంలో వైరస్ ఉండేది కొద్ది రోజులే. అక్కడ ప్రతిరక్షకాల పరీక్షే మేలు. పందిలో అవి కొత్తగా కనబడితే ఆ ఊరి పిల్లలకు టీకాలు పడ్డాయో లేదో చూసుకోవాలి.

ఇంకొక మాట. చంపిన పందులకు పరిహారం చేతికి అందుతుందన్న నమ్మకం లేకపోతే ఏ యజమానీ చుక్క రక్తం తీయనివ్వడు, దాచేస్తాడు. పట్టీ ధర లెక్కగట్టేవారు ఆ పరిహారాన్ని కూడా అదే లెక్కలో వేసుకోవాలి.

ఇక జాగ్రత్తలు. పట్టీలను సాధారణంగా 30 డిగ్రీల సెంటిగ్రేడు లోపు దాచమంటారు. మే నెలలో మోటారు సైకిలు డిక్కీలో పెడితే చెడిపోతాయి. పందికొక సూది వాడాలి. చచ్చిన పందిని దొడ్డిలో కోయకూడదు, ఆ రక్తమే వైరస్ గని. ఎంగిలి పెట్టేటట్లయితే అరగంట ఉడకబెట్టాలి. వాడిన పట్టీ, సూది, దూది డాక్టరుగారే మూటకట్టి తీసుకుపోవాలి, చెప్పులు రెండు శాతం కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచాకే పక్క దొడ్డిలో అడుగు పెట్టాలి.