పట్టాలో కనిపించని విద్య

పట్టా పుచ్చుకొని ఉద్యోగార్థియై నిలిచిన విద్యార్థినిని అధికారులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఇంతవరకు మీరేం పని చేశారు?" "ఏమీ చేయలేదండీ, చదువుకున్నాను" అని చాలామంది తల దించుకుంటారు. ఆ సమాధానం వినయంతో చెప్పినదే కాని నిజం కాదు.

ఎదుటివారి మాట వినడం, తన మాట తెలియజెప్పడం, నలుగురితో కలిసి పనిచేయడం, ఖర్చుకు లెక్క చూపడం ఏ ఒక్క శాస్త్రానికో చెందిన విద్యలు కావు. వృక్షశాస్త్రం చదివినవారు బ్యాంకులో చేరినా ఇవి వెంట వస్తాయి. వీటినే బదిలీ నైపుణ్యాలు అంటున్నారు. ఇవి ఉపన్యాసాలతో అబ్బవు, పనిలోనే పట్టుబడతాయి.

అటువంటి పనికి విశ్వవిద్యాలయాలలో చిరకాలంగా చోటున్నది. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న నాటి కేంద్ర విద్యామంత్రి డా. వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. నాడు 37 విశ్వవిద్యాలయాలకు చెందిన 40,000 మంది విద్యార్థులు అందులో చేరారు. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక గ్రామంలో వారం రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమాలు.

శిబిరంలో పారిశుద్ధ్య సర్వేకు బయలుదేరిన విద్యార్థినిని ఊహించండి. గుమ్మంలో నిలబడి "మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉందా?" అని అడగగానే ఇల్లాలు తలుపు వేసుకుంటుంది. మరునాడు ఆమె అరుగు మీద కూర్చొని పంట సంగతి, పిల్లల చదువు సంగతి విన్న తరువాతనే కాగితం బయటికి తీస్తుంది. సాయంత్రం ఆ వివరాలను పట్టికగా వేసి సర్పంచికి విన్నవిస్తుంది. ఈలోగా యాభైమంది వంటకు బియ్యం, పప్పు సరిచూడాలి. పార పట్టనని అలిగిన మిత్రుణ్ణి ఒప్పించాలి. వీటికి ఏ పరీక్షలోనూ మార్కులుండవు.

ఫోటో కోసం చీపురు పట్టి, ధ్రువపత్రం కోసం సంతకం పెట్టేవారికి ఇదేమీ దక్కదు. అట్టి శిబిరాలూ లేకపోలేదు. సేవ చేసినవారు సైతం దినచర్య పుస్తకాన్ని ఆఖరి రోజున ఒక్క కూర్చునికిలో నింపివేస్తారు. నిజానికి విలువైనది ఆ పుస్తకమే. ఏ రోజు ఏ పని చెడింది, దానిని ఎట్లా చక్కదిద్దారు అన్నది అందులో ఉండాలి. అధ్యాపకులు కూడా గంటలు లెక్కించడంతో సరిపెట్టక దానిని చదివి ప్రశ్నించాలి.

అప్పుడు ఆ విద్యార్థిని తల దించుకోదు. "సర్వేలో మొదటిరోజు తొమ్మిది ఇళ్లవారు నాతో మాట్లాడలేదండీ. రెండవరోజు నేను అడిగే తీరు మార్చుకున్నాను" అని చెప్పనారంభిస్తుంది.