ఏ మాటకు ఏ క్రియ?

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే ఊళ్లలో ఇప్పపువ్వు ఏరుతారు, తునికాకు కోస్తారు, తేనె తీస్తారు, పోడు కొడతారు. ఏ మాట పక్కన ఏ క్రియ రావాలో అక్కడి పిల్లలకు ఎవరూ పాఠం చెప్పలేదు. వింటూ పెరిగారు, వచ్చేసింది. ఇంగ్లిష్‌లోనూ ప్రతి నామవాచకానికీ అలవాటైన క్రియ ఉంటుంది. దాన్నే కొలొకేషన్ అంటారు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు మాట్లాడుతూ ఇంగ్లిష్‌ను మూడో భాషగా నేర్చుకునేవారికి అది చెవిన పడే అవకాశం తక్కువ. దాంతో తెలుగు క్రియనే ఇంగ్లిష్‌లోకి మార్చి వాడేస్తారు.

మనం తప్పు చేస్తాం కాబట్టి ‘డూ ఎ మిస్టేక్’ అనేస్తాం. సరైనది ‘మేక్ ఎ మిస్టేక్’. హోంవర్క్‌కు మాత్రం ‘డూ’నే. నిర్ణయానికి ‘టేక్’, ‘మేక్’ రెండూ చెల్లుతాయి. ‘రైట్ యాన్ ఎగ్జామ్’ మన దేశంలో వాడుకే. విదేశీ సంస్థకు దరఖాస్తు పెట్టేటప్పుడు ‘టేక్ యాన్ ఎగ్జామ్’ అనడం మేలు. ఎందుకిలా అని తవ్వుకుంటూ కూర్చోకండి. చాలాచోట్ల వాడుకే కారణం.

నర్సింగ్ చదివే అమ్మాయిలకు ఈ సంగతి మరీ ముఖ్యం. కేస్ షీట్ రాసేది ఇంగ్లిష్‌లోనే. మనం ఇంజెక్షన్ వేస్తాం, ఇంగ్లిష్‌లో ‘గివ్ యాన్ ఇంజెక్షన్’. బీపీ చూస్తాం, అక్కడ ‘సీ’ పనికిరాదు. ‘చెక్’ లేదా ‘టేక్’ రావాలి. జ్వరం వచ్చిందంటే ‘ఫీవర్ కేమ్’ కాదు, ‘ది పేషెంట్ హ్యాజ్ ఎ ఫీవర్’. గాయానికి కట్టు కట్టడం ‘డ్రెస్ ఎ వూండ్’. మాత్రకు ‘ఈట్’ వద్దు, ‘టేక్’.

సారపాక పేపరు మిల్లు, పాల్వంచ థర్మల్ కేంద్రం లాంటి చోట్ల ఉద్యోగం చూసుకునే ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లకు కావలసినవి వేరు: ‘టేక్ ఎ రీడింగ్’, ‘రిపోర్ట్ ఎ ఫాల్ట్’, ‘క్యారీ అవుట్ రిపెయిర్స్’. అటవీ శాఖ వైపు వెళ్లేవారికి ‘రిజిస్టర్ ఎ కేస్’, ‘సీజ్ టింబర్’.

పోటీ పరీక్షల్లోనూ దీని విలువ మార్కుల్లో కనిపిస్తుంది. ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ప్రతి తప్పు జవాబుకూ అర మార్కు కోత. తప్పు గుర్తించడం, ఖాళీలు పూరించడం వంటి ప్రశ్నల్లో క్రియ తేడాతోనే జవాబు తేలిపోయేవి ఉంటాయి.

వేల పదాల జాబితాలు బట్టీ పట్టమని నేను చెప్పను. మీరు కోరుకునే ఉద్యోగంలో రోజూ వినిపించే ముప్పై నామవాచకాలు చాలు. ఒక్కోదాన్ని దాని క్రియతో, పూర్తి వాక్యంలో నోట్‌బుక్‌లో రాసుకోండి, పైకి చదవండి. 2002లో తొలిసారి వచ్చిన ఆక్స్‌ఫర్డ్ కొలొకేషన్స్ డిక్షనరీలో నామవాచకం కింద చూస్తే దానితో కలిసే క్రియలన్నీ ఒకేచోట దొరుకుతాయి. మీ కాలేజీ గ్రంథాలయంలో ఆ పుస్తకం లేకపోతే తెప్పించమని అడగండి.