పొగ మింగనివారికి కూడా

"సిగరెట్టు తాగుతారా?" అని అడిగితే ఓపీకి వచ్చే పెద్దలు చాలామంది, "లేదండి, రోజుకు రెండు చుట్టలు, అంతే. పొగ మింగను కూడానండి" అంటారు. ఈ పాఠము ఆ జవాబు గురించే.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండములో పుట్టి పోర్చుగీసు ఓడల్లో ఇక్కడికి వచ్చింది. 1560లో దానిని ఫ్రాన్సు రాజకుటుంబానికి పంపిన నికో అనే రాయబారి పేరు మీదనే అందులోని పదార్థానికి నికోటిన్ అని పేరు పెట్టారు. 1617లో జహంగీరు చక్రవర్తి పొగ తాగడాన్ని నిషేధించాడు గాని ఆ ఆజ్ఞ నిలవలేదు. గోదావరి లంకల ఒండ్రునేల ఈ పైరుకు బాగా సరిపోయింది, లంక పొగాకు చుట్టలకు పేరు వచ్చింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ కూడా ఏర్పడింది. ఈ పైరు మీద పిల్లలను చదివించుకున్న రైతులను మేము తప్పుపట్టడం లేదు. మా మాట తాగేవారితోనే.

నికోటిన్ శరీరాన్ని రెచ్చగొట్టే మందు. గుండె వేగము, రక్తపోటు పెరుగుతాయి, రక్తనాళాలు ముడుచుకుంటాయి. మెదడుకు కాసేపు హాయి తెలుస్తుంది. సుమారు రెండు గంటల్లో రక్తములో దాని పాళ్ళు సగానికి తగ్గి, మళ్ళీ కావాలని లాగుతుంది. ప్రసంగం మధ్యలో కొందరు సోదరులు బయటికి వెళ్ళడానికి కారణం ప్రసంగం పొడుగు ఒక్కటే కాదు! "చుట్ట కాలిస్తేగాని విరేచనం కాదు" అనడం కూడా పేగులు దానికి అలవాటు పడినందువల్లనే.

చుట్ట పొగకు క్షారగుణం ఎక్కువ. అందుచేత ఊపిరితిత్తుల దాకా పోకుండానే, నోటి లోపలి పొర గుండా నికోటిన్ రక్తములో కలుస్తుంది. క్యాన్సరు కలిగించే పదార్థాలు ఆ పొరకే అంటుకుంటాయి. పొగ మింగకపోతే నోటికి ఒరిగేదేమీ లేదు.

అడ్డపొగ ఇంకా ప్రమాదం. నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకునే ఈ అలవాటు ఉత్తరాంధ్ర స్త్రీలలో ఎక్కువ. శ్రీకాకుళం ప్రాంతములో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన వివరాలు 1971లో ప్రచురితమయ్యాయి. ఆ వేడి, పొగ నేరుగా తగిలే అంగిలి మీదనే మచ్చలు, పుండ్లు వస్తాయి. మొదట్లో నొప్పి ఉండదు, అద్దములో సులభంగా కనబడదు. అందుకే మీ ఇంటిలో చుట్ట తాగే అమ్మమ్మను, తాతయ్యను తల వెనక్కి వాల్చమని, టార్చిలైటు వేసి మీరే చూడండి. తెల్లగా దళసరిగా ఉన్న మచ్చ, ఎర్రని మచ్చ, రెండు వారాలకు మానని పుండు కనబడితే ఆలస్యం చేయకుండా తీసుకురండి. పుండుగా మారకముందే మానేస్తే చాలా మచ్చలు తగ్గుతాయి.

మానేసిన మొదటి మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువ. నెల తిరిగేసరికి చాలావరకు తగ్గుతాయి. నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగి వాడాలి. 1800 11 2356 నంబరుకు ఫోను చేస్తే మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు.

పరీక్షకు వచ్చినప్పుడు కట్టుడు పళ్ళు తీసి నోరు చూపించండి. షుగరు ఉన్న చుట్టరాయుళ్ళు పాదాలు కూడా చూపించాలి.