పాత బల్లకు క్రొత్త కప్పు

హొగేనక్కల్ వద్ద కావేరిలో తిరుగు పుట్టిని చూడనివారు మనలో అరుదు. తమిళులు దానిని పరిసల్ అందురు. కన్నడిగులు హరిగోలు అందురు. మన భాషలో పుట్టి యనియు అరిగోలనియు రెండు పేర్లు కలవు. వెదురుబద్దలను గుండ్రని బుట్టవలె అల్లి, నీరు చొరకుండ అడుగున కప్పు వేయుదురు. ఆ కప్పు పూర్వము పశుచర్మము. నేడు ఎక్కువగా ప్లాస్టిక్ పట్టా, దానిపై తారు. రాళ్లకు ఒరసికొని కప్పు చినిగినంత మాత్రమున పుట్టిని పాఱవేయరు. బోర్లించి, ముందు వెదురును పరీక్షింపవలెను. విఱిగిన బద్దను మార్చవలెను. పిమ్మటనే క్రొత్త కప్పు. ఈ వరుసను మనస్సున నుంచుకొనుడు. నేటి పాఠము పడవను గూర్చినది కాదు, కూర్చుండు బల్లను గూర్చినది. కాని వరుస యిదియే.

గత వేసవిలో మన విద్యార్థి యొకడు నదికి సమీపమున నున్న తన యింటినుండి ఒక టేకుబల్లను హస్తకళల తరగతికి తెచ్చెను. పొడవు 5 అడుగులు, వెడల్పు అడుగున్నర. మొదట దానికి చట్రము మీద నవారు అల్లియుండెను. ఆ యింటి అవ్వగారు దానిపైననే కూర్చుండి వత్తులు చేసికొనెడివారట. ఇంట పెండ్లి వచ్చినది. నవారు సడలినదని తీసివైచిరి. పలుచని ప్లైవుడ్ పలక కొట్టిరి. దానిపై స్పాంజి, స్పాంజిపై ఎఱ్ఱని రెక్సిన్. కాళ్లకు తెల్లని ఎనామిల్ రంగు. పెండ్లినాడు బల్ల మెఱసినది. రెండు వర్షాకాలములు గడచునప్పటికి రంగు పెచ్చులూడినది, రెక్సిన్ పగిలినది, స్పాంజి పొడియై రాలినది, పలక ఉబ్బి నడుమ క్రుంగినది. క్రుంగిన చోటినుండి అవ్వగారు లేవలేక నేలమీద కూర్చుండుట మొదలుపెట్టిరి; మోకాళ్ల నొప్పి హెచ్చినది. బల్లను వంటచెఱకుగా కొట్టి, ఇనుపగొట్టముల సోఫా కొందమని యింటివారు నిశ్చయించిరి. అప్పుడు ఆ బాలుడు అడ్డుపడెను.

ఇందు చెడినది ఏది? టేకు చెడలేదు. పై వేషము చెడినది. దానికి కారణములు తెలిసికొనుట మంచిది. పాలీయూరిథేన్ అను పదార్థమును 1937లో జర్మనీదేశమున ఆటో బాయర్, ఆయన సహచరులు కనుగొనిరి. మన స్పాంజి దాని సంతతియే. వెలుతురు, గాలి, తేమ తగులుకొలది అది పొడి యగును. రెక్సిన్ అనునది మొదట ఒక ఆంగ్ల సంస్థవారి వ్యాపారనామము. నేడు ప్లాస్టిక్ పూసిన గుడ్డ కంతకును మనము ఆ పేరే వాడుచున్నాము. ఆ పూతను మెత్తగా నుంచు నూనెవంటి ద్రవ్యము క్రమముగా వెలికి పోవును; మిగిలిన పూత బిఱుసెక్కి పగులును. పైగా రెక్సిన్ గాలి ఆడనీయదు. లోన చేరిన తేమ లోననే యుండును. ఇక ఎనామిల్ రంగు: టేకులో సహజముగా నూనె కలదు. పాత మెఱుగును గీకి శుభ్రము చేయక వేసిన రంగు కఱ్ఱను పట్టుకొనదు.

హొగేనక్కల్ అను పేరే మనకు హెచ్చరిక. కన్నడమున హొగె యనగా పొగ, కల్లు అనగా రాయి. (మన పొగ, తమిళుల పుగై, కన్నడిగుల హొగె ఒకే తల్లి బిడ్డలు, పకారము కన్నడమున హకారమైనది.) నీటితుంపర పొగవలె లేచు చోట తేమకు ఓర్చు వస్తువునే వాడవలెను.

మొదట రెక్సినును చింపక, మేకులు పెఱికి విప్పితిమి. పాత కప్పు క్రొత్త కప్పునకు కొలత. పలకను తీసి చట్రమును కదల్చి చూచితిమి. రెండు కీళ్లు వదులైయుండెను. కీలును విప్పి, పాత వజ్రమును గీకి, క్రొత్తది పూసి, త్రాటితో బిగించి ఒక దినము కదపక యుంచితిమి. ఈ పనికి తొందరపడువారికి నవారు అల్లియు ప్రయోజనము లేదు.

రంగు గీకుటలో ఒక జాగ్రత్త. గృహముల రంగులలో సీసము పదిలక్ష పాళ్లకు 90 పాళ్లకు మించరాదను నిబంధన మనదేశమున 2017 నవంబరులో అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగులో సీసము అధికముగా నుండవచ్చును. కావున పొడి ఉప్పుకాగితముతో రుద్ది దుమ్ము లేపరాదు. తడిపి గీకవలెను, ముక్కునకు ముసుగు కట్టవలెను, చిన్నపిల్లలను దగ్గఱకు రానీయరాదు. కఱ్ఱ బయటపడిన పిమ్మట అవిసెనూనె పలుచగా పూసితిమి. ఆ నూనెగుడ్డలను కుప్పగా వేసినచో తమంతట తామే వేడెక్కి అంటుకొనవచ్చును. వానిని విడివిడిగా పఱచి ఆరవేయుడు.

తరువాత నవారు. ఇదియే బల్లకు ప్రాణము. చివరను రెండుగా మడచి మేకులు కొట్టవలెను. మేకులు ఒకే వరుసలో నున్నచో కఱ్ఱ చీలును గనుక ఎగుడుదిగుడుగా కొట్టవలెను. రెండవ చివరను ఒక చెక్కముక్కకు చుట్టి, చట్రమునకు ఆనించి మీటవలె వంచిన బాగుగా బిగియును. నిలువుపట్టెలు పడుగు, అడ్డుపట్టెలు పేక. ఒకదాని పైనుండి, మఱియొకదాని క్రిందినుండి పోవలెను. చేతితో తట్టిన తప్పెటవలె మ్రోగినచో చాలును. నేను చిత్తూరు జిల్లాలో ఉపాధ్యాయశిక్షణ పొందుచున్నప్పుడు మంచముల నవారు బిగించు ఒక వృద్ధుడు చెవి యొగ్గియే పని ముగించుట చూచితిని.

నవారుపై గోనెపట్టా, దానిపై 2 అంగుళముల మందమున కొబ్బరిపీచు. పీచు ఒకచోటికి జరుగకుండ దబ్బనముతో, పురికొసతో గోనెవఱకు కుట్టితిమి. పీచు గ్రుచ్చుకొనకుండ పైన దూది పొర, దానిని అణచిపట్టుటకు ముతక తెల్లగుడ్డ. ఈ దశలో అవ్వగారిని పిలిపించి కూర్చుండబెట్టితిమి. పాదములు నేల నానుచున్నవా, చేయూత లేక లేవగలరా యని చూచి, అంచున కొంత పీచు చేర్చితిమి. అంగడిలో కొన్న సోఫాకు ఈ పరీక్ష యెక్కడిది?

పైకప్పునకు జమక్కాళమును ఎంచుకొంటిమి. హొగేనక్కల్ దాటిన కావేరి, 1934లో పూర్తియైన మేట్టూరు ఆనకట్టను గడచి, భవానీనదిని కలియు చోట భవాని పట్టణమున్నది. అచ్చటి చేమగ్గములపై రంగురంగుల పట్టెలతో నేయు ముతకనూలు జమక్కాళము భౌగోళిక గుర్తింపు పొందినది. మన తెలుగువారు జంపఖానా యనునది దీనినే. వరంగల్లు జంపఖానాలకును 2018లో ఆ గుర్తింపు లభించినది. మందమైన నూలు గనుక గాలి ఆడును, మాసినచో విప్పి ఉదుకవచ్చును. పాత రెక్సినును దీనిపై పఱచి, నలువైపుల 2 అంగుళములు ఎక్కువ విడిచి కత్తిరించితిమి.

బిగించుటకు ఒక క్రమము కలదు. ప్రతి ప్రక్కను నడుమ ఒక మేకును సగమే దింపవలెను; అచ్చటినుండి రెండు మూలలకు పోవలెను. ముడుతలు మూలలకు చేరును. అచ్చట మడత పెట్టి కుట్టవచ్చును. పట్టెలు తిన్నగా నున్నవని నిశ్చయించుకొనిన పిమ్మటనే మేకులను పూర్తిగా దింపవలెను.

బల్ల అడుగుభాగమును మేము మూయలేదు. గాలి ఆడుటకు అది దారి. మఱియు, ఏటేట వానకాలము వెళ్లినంతనే ఇంటివారు చేయి చాపి నవారును తట్టి చూడవచ్చును; సడలినచో ఆ పట్టె నొక్కదానినే విప్పి బిగింపవచ్చును.